సాక్ష్యం చెప్పేటప్పుడు లేవకూడదు

ఆమె నోరు తెరిస్తే నాకు కుళ్ళు. ఇదే సంగతిని ఇంకొంచెం మర్యాదగా రాయవచ్చు. అసూయ అనవచ్చు, ఈర్ష్య అనవచ్చు. సంస్కృతం తొడిగితే ఏ రోగమైనా కాస్త పెద్దింటి రోగంలా కనబడుతుంది. కానీ ఏడాది పాటు నన్ను పట్టుకున్నది కడుపులో పచ్చిమిరపకాయ నలిగినట్టుండే మామూలు కుళ్ళు. దానికి ఆ పేరే సరైనది.

మార్కాపురంలో ఒక పలకల కార్ఖానా మీది అంతస్తును అద్దెకు తీసుకుని కమ్యూనిటీ కాలేజీ నడుపుతున్నారు. అక్కడ సమాజ శాస్త్రాలూ మహిళా అధ్యయనమూ కలిపి ఏడాది డిప్లొమా చెప్తారు. నేను చేరేనాటికి నాకు నలభై ఏడు. ఇంటర్ కాగానే పెళ్ళయింది, ఆపైన చదువు నేనే చదువుకున్నాను. చిన్న పత్రికలకు వ్యాసాలు రాశాను, సభల్లో కింద కూర్చుని పైన ఉన్నవాళ్ళను నిలదీశాను. మైకు ముందు నిలబడి అరగంట మాట్లాడే అవకాశం మాత్రం ఎన్నడూ రాలేదు. కోర్సు మొదటి రోజునే మేడం ఒక మాట చెప్పింది. ఏడాది చివర గిద్దలూరులో సెమినార్ ఉంటుంది, మన కాలేజీ నుంచి ఒకరే వేదిక ఎక్కి అరగంట మాట్లాడతారు అని. నేను క్లాసు మొత్తం ఒకసారి తిరిగి చూశాను. అంగన్‌వాడీ ఆయాలు, కుట్టుమిషన్ల వాళ్ళు, డిగ్రీ ఫెయిలైన అమ్మాయిలు. ఆ అరగంట నాదే అనుకున్నాను.

అనుకోవడానికి నాకు కారణం ఉంది. మా నాయనది బజారులో బట్టల దుకాణం. వ్యాపారస్తుల వరసలో పూజ లేని దుకాణం అదొక్కటే. గల్లాపెట్టె పైన దేవుడి పటం ఉండాల్సిన చోట నాయన ఒక భూతద్దం వేలాడదీశాడు, కొనేవాళ్ళు నేత చూసుకుంటారని. సాయంత్రం బేరాలు తగ్గాక అక్కడే వాదాలు జరిగేవి. పునర్జన్మ ఉందని ఒకరు, చేతబడి ఉందని ఒకరు, ఆడపిల్లకు ఎక్కువ చదువు అచ్చిరాదని ఒకరు. ఎవరు ఏమన్నా నాయన అడిగే ప్రశ్న ఒకటే: “సాక్ష్యం ఏదీ?” అవతలి మనిషి నీళ్ళు నమిలేవాడు. నేను పరికిణీ వేసుకునే వయసు నుంచి ఆ బట్టల తానుల మధ్య కూర్చుని ఆ ప్రశ్న వింటూ పెరిగాను. మా ఇంట్లో నగలు లేవు, నాకు నాయన ఇచ్చింది ఆ ఒక్క మాటే.

ఇంకొకటి కూడా ఇచ్చాడు. బొట్టు పెట్టుకోవాలా వద్దా అన్నది నా ఇష్టానికి వదిలాడు, నేను మానేశాను. అప్పటినుంచి బస్సులో పక్కన కూర్చున్న ప్రతి ఆడమనిషీ నన్ను ఏ చర్చికి పోతావని అడుగుతూనే ఉంది.

ఆమె కూడా అదే అడిగింది. మొదటి రోజు క్లాసు సగంలో వచ్చింది. మంచి ఎత్తు మనిషి, మెరిసే ఊదారంగు చీర. “అక్కా, రోంత జరుగు” అంటూనే బెంచీ మీద నా పక్కన కూలబడింది. పెద్దారవీడు వైపు పల్లె. మిరపకోతలకు ఆడకూలీలను ఆటోల్లో తీసుకుపోయే ముఠాకు ఆమె మేస్త్రి. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేది కూడా ఆమేనట. ఇదంతా నేను అడక్కుండానే చెప్పింది. తర్వాత నా నుదురు వైపు చూసి సంతోషపడింది.

“మీది ఏ సంఘమక్కా?”

“హేతువాద సంఘం.”

“యాడుంది అది? పాస్టరెవురు?”

వెనక బెంచీలో అమ్మాయిలు కిసుక్కుమన్నారు. మాకు పాస్టర్లు ఉండరని చెప్పాను. “పాపం” అంది, నిజంగానే జాలిపడి.

మేడం అనంతపురం వైపు నుంచి వచ్చిన పిల్ల, ముప్పై దాటి ఉండవు. బోర్డు మీద ఒకే మాట రాసింది: సాక్ష్యం. “ఇక్కడ ఎవరు ఏం చెప్పినా దానికి సాక్ష్యం ఉండాలి. వచ్చే వారం మీ ఊళ్ళో ఆడవాళ్ళ పని గురించి ఒక్కొక్కరూ సాక్ష్యంతో రండి” అంది. నాకు ఒళ్ళు పులకరించింది. నాయన మాట బోర్డు మీద సుద్దతో!

ఆ వారమంతా నేను పలకల పని చేసే ఆడవాళ్ళ వీధుల్లో తిరిగాను. ఎవరు రాయి కోస్తారు, ఎవరు ఫ్రేములు బిగిస్తారు, మగవాళ్ళకు ఎంత ఇస్తారు, ఆడవాళ్ళకు ఎంత, ఎందుకు. ఇల్లిల్లూ అడిగి సరిపోల్చుకుని రాశాను. క్లాసులో నిలబడి చదివాను. మేడం తల ఊపింది. క్లాసంతా మాత్రం కిటికీలోంచి కింద కోస్తున్న రాళ్ళను చూసింది.

తర్వాత నా పక్కనున్న ఆమె లేచింది. ఆ రోజు తెల్లచీర కట్టుకుని వచ్చింది. తల మీద కొంగు సర్దుకుని, ఒక చెయ్యి పైకెత్తి, “ప్రభువు నామంలో అందరికీ వందనాలు” అంది. సగం క్లాసు అలవాటుగా “వందనాలు” అనేసింది. అప్పటికి గానీ మాకు అర్థం కాలేదు. మేడం సాక్ష్యంతో రమ్మంటే ఆధారాలతో రమ్మని నేను విన్నాను. చర్చిలో సాక్ష్యం చెప్పినట్టు, అంటే దేవుడు తన బతుకులో చేసిన మేలు పదిమంది ముందు చెప్పినట్టు చెప్పమని ఆమె విన్నది. మేడం ఆపబోయి ఆగింది.

“నా సాక్ష్యం వినండి. మేం మిరపచేలో దిగినామంటే పొద్దు గూకేదాకా నీళ్ళు తాగం. దప్పిక లేక కాదు. తాగితే పక్కకు పోవాల్సొస్తాది. పోయేదానికి చాటేదీ? మోకాలెత్తు చెట్లు, గట్టు మీద రైతు, రైతు కొడుకు, కాటా వేసే మనిషి. బిగబట్టుకోనుంటాం. మా ముఠాలో ఒకామె మంట తట్టుకోలేక సాలులోనే కూలబడి ఏడ్చింది. ఆ దినం నేను వంగినదాన్ని నిలబడినా. ‘అన్నా, నాలుగు కట్టెలు పాతి రెండు పాత చీరలు కట్టించు. కట్టించేదాకా కాయ తెగదు’ అన్నా. ఆయన తిట్టినాడు. మా అమ్మను తిట్టినాడు, మా అమ్మమ్మను తిట్టినాడు. నేను నిలబడే ఉన్నా. నా ఎనకాల ఒకరెంబడి ఒకరు నిలబడినారు. మద్దేనానికి చీరలు కట్టించినాడు. అందరం పోయొచ్చి చెంబెత్తి నీళ్ళు తాగినాం. ఎంత తియ్యగుండెనో ఆ నీళ్ళు! రైతు మనసు మార్చిన దేవునికి స్తోత్రం.”

“స్తోత్రం!” అంది క్లాసు. ఈసారి బొట్లు పెట్టుకున్నవాళ్ళు కూడా అన్నారు. కుట్టుమిషన్ ఆమె కళ్ళు తుడుచుకుంది. కిటికీ వైపు ఒక్కరూ చూడలేదు.

నేను లేచాను. “ఇది సాక్ష్యం కాదు” అన్నాను. సాక్ష్యమంటే పరీక్షకు నిలిచేది, ఒక మనిషి అనుభవం ఎంత నిజమైనా ఒక్కటే అనుభవం, పక్క చేలో ఎట్లా ఉందో తెలియకుండా దాని మీద సిద్ధాంతం కట్టలేం అన్నాను. ఇందులో ఒక్క మాటను కూడా నేను ఇప్పటికీ వెనక్కు తీసుకోను.

“నాకు జరిగింది నేను చెప్తే సాక్ష్యం కాదు. పలక పట్టనిదానివి పలకల గురించి నువ్వు చెప్తే సాక్ష్యమా? బాగుందక్కా నీ సంఘం!” అంది.

క్లాసు పగలబడి నవ్వింది. మేడం రెండు సాక్ష్యాలకూ తేడా ఓపికగా చెప్పింది. అందరూ రాసుకున్నారు. కానీ రాసుకున్నది నా అర్థాన్ని, గుర్తుపెట్టుకున్నది ఆమె కథను.

తర్వాత నెలల్లో నా రోగం ముదిరింది. క్లాసు వాట్సాప్ గ్రూపులో నేను జాగ్రత్తగా పేరాలు విడగొట్టి, కామాలు సరిచూసి వ్యాసం పెట్టేదాన్ని. దాని కింద ఒక దండం బొమ్మ వచ్చేది. ఆమె ఆటోలో పోతూ గాలి హోరులో ఒక వాయిస్ మెసేజ్ పెట్టేది. వరసగా గుండె బొమ్మలు! మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు విప్పితే అందరూ ఆమె చుట్టూనే మూగేవారు. ఆమె చింతకాయ తొక్కు కోసమని నాకు నేను చెప్పుకున్నాను. ఒకరోజు ఆమె తొక్కు తేలేదు. అయినా మూగారు.

తప్పులు వెతికాను. చాలా దొరికాయి. నీళ్ళ కథ రెండోసారి చెప్పినప్పుడు రెండు చీరలు నాలుగయ్యాయి. మూడోసారి రైతు కన్నీళ్ళు పెట్టుకున్నాడు. నాలుగోసారికి రైతు పెళ్ళాం తన పట్టుచీర తెచ్చి కట్టబోతే వద్దన్నారట. ఇంటర్వెల్‌లో ఇదంతా మేడంకు వరసపెట్టి చూపించాను. మేడం నవ్వి, “పట్టుచీర నేను వినలేదే, ఎప్పుడు చెప్పింది?” అని ఆశగా అడిగింది.

‘ఆడదానికి ఆడదే శత్రువు’ అనే సామెత మీద ఒక పాఠం ఉంది. ఆ సామెతను నేను ఎన్నో చోట్ల చీల్చి చెండాడాను. ఉన్న ఒక్క పీట ముందు ఇద్దరు ఆడవాళ్ళను నిలబెట్టి, వాళ్ళు తోసుకుంటుంటే చూసి, ఇది ఆడబుద్ధి అని పేరుపెట్టినవాడు ఎవడో ముందు అడగండి. పీటలు దాచినవాణ్ణి వదిలేసి తోసుకున్నవాళ్ళను తిడతారేం అని. క్లాసులో కూడా అదే చెప్పాను, బాగా చెప్పాను. చెప్తూ చెప్తూ ఆమె వింటున్నదా లేదా అని ఓరగా చూశాను. వింటోంది. నోరు తెరుచుకుని వింటోంది. అది చూసి సంతోషం కలగాలి కదా? ఇది కూడా ఆదివారం చర్చిలో వాడుకుంటుందేమో అనిపించింది. జ్వరం ఎందుకు వచ్చిందో తెలిసినంత మాత్రాన ఒళ్ళు చల్లబడదు.

ఒక మధ్యాహ్నం ఉండబట్టలేక అడిగేశాను. “అంతసేపు అట్ల తడుముకోకుండా మాట్లాడేది యాడ నేర్చినావు?”

“నేర్చేదేముందక్కా. గౌనేసుకునేప్పటినుంచి చెప్తానే ఉన్నా. సాక్ష్యం చెప్పేటప్పుడు ఎవురూ లేవగూడదు, నడమ మాట్లాడగూడదు. అది దేవుని కాడ రూలు. మా ఆయన మేకలమ్మిన దుడ్లు తాగి తగలేసిన సంగతి గూడా ఆయన ముందరనే చెప్పినా. తలకాయ ఒంచుకోని విన్నాడు.”

“ఇంటికి పోయినాక కొట్టలేదా?”

“నేనన్నానంటే కొడతాడు. దేవుడు పలికించినాడంటే యాడ కొడతాడు?” అని కన్నుగీటింది.

నా కుళ్ళుకు వేరు ఎక్కడుందో ఆ రోజు తెలిసింది. నాయన దుకాణంలో నన్ను ఆడపిల్లవని ఎవరూ నోరు మూయించలేదు. మగవాళ్ళతో సమానంగా వాదించనిచ్చారు, సమానంగానే ఖండించారు. నేను రెండో వాక్యం దాటేలోపు ఎవరో ఒకరు చెయ్యి ఎత్తేవారు. చాలాసార్లు ఆ చెయ్యి నాయనదే. “సాక్ష్యం ఏదీ?” అనేవాడు, కళ్ళల్లో మెరుపుతో, కూతురు తిప్పికొడుతుందని గర్వంగా. తిప్పికొట్టేదాన్ని. తిప్పికొట్టడం అంత బాగా వచ్చిందంటే కారణం అదే. కానీ మొదలుపెట్టిన మాటను చివరిదాకా తీసుకుపోవడం ఎట్లా ఉంటుందో నాకు తెలియదు. నా ఎదురుగా కూర్చుని మజ్జిగన్నం కలుపుకుంటున్న ఈమెకు అది పుట్టినప్పటినుంచీ ఉంది. ఏ దేవుణ్ణి నేను లేడంటున్నానో ఆ దేవుడి పేరు మీద ఉంది. ఇంతకన్నా పెద్ద అన్యాయం నాకు ఏ పాఠంలోనూ కనిపించలేదు.

ఏడాది చివర మేడం నన్ను ఒక్కదాన్నే ఆఫీసు గదిలోకి పిలిచింది. “మీ వ్యాసమే బాగుంది. ఆ విషయంలో అనుమానమే లేదు” అంది. అట్లా మొదలుపెట్టిందంటేనే సంగతి తెలిసిపోయింది. “గిద్దలూరుకు ఆమెను పంపుతున్నాను.”

“అది సెమినారా మేడం, ప్రార్థన కూటమా?”

“సెమినారే. ఆమె చెప్తే జనం వింటారు.”

“వినేదే నిజమైతే మనకు కాలేజీ ఎందుకు? బాకా చాలు.”

“మీరూ రండి. చివర్లో ప్రశ్నలకు టైముంటుంది” అంది మేడం.

వెళ్ళకూడదనుకుని వెళ్ళాను. కంభం దాటేదాకా బస్సులో ముందు సీటులో ఆమె పాడుతూనే ఉంది, మిగతావాళ్ళు అందుకుంటున్నారు. నేను వెనక కూర్చుని ఆమె మాటల్లో రాబోయే తప్పులకు జవాబులు తయారుచేసుకున్నాను.

గిద్దలూరు హాల్లో ముందు వరసంతా మెడలో కార్డులు వేసుకున్న పెద్దమనుషులు. ఆమె వేదిక ఎక్కి మైకును తన ఎత్తుకు లేపించుకుంది. వందనాలు చెప్పింది. చేను, దప్పిక, మంట. హాలు కదలడం మానేసింది. సగం కూడా కాలేదు, ముందు వరసలో ఒక రిటైర్డ్ లెక్చరర్ లేచారు. “అమ్మా, ఒక్క నిమిషం. ఇది ఏ ప్రాంతానికి వర్తిస్తుంది? మీ దగ్గర ఆధారం...”

అది నా ప్రశ్న! నాయన ప్రశ్న!

ఆమె కోప్పడలేదు. తెలియక లేచిన పిల్లవాడికి చెప్పినట్టు చెప్పింది. “సాక్ష్యం చెప్పేటప్పుడు లేవగూడదు సార్. కూర్చోండి. అయిపోయినాక అడుగుదురు.”

ఆయన కూర్చున్నారు. కుర్చీ వెతుక్కుని మరీ కూర్చున్నారు. హాలు వెనక నుంచి ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. నా జీవితంలో నాకడ్డం లేచినవాళ్ళందరూ ఒక్కొక్కరే కళ్ళముందు నిలబడ్డారు, పెద్దవాళ్ళు, చిన్నవాళ్ళు, మా నాయన. వాళ్ళలో ఒక్కరిని కూడా నేను కూర్చోమనలేదు. అనవచ్చని నాకు తట్టనే లేదు.

అరగంట నిండింది. దేవునికి స్తోత్రం అయ్యింది. ప్రశ్నల వేళ నేను చెయ్యెత్తాను. మేడం నేల వైపు చూసింది.

“కట్టెలు పాతమన్నది నువ్వు. కాయ తెగదన్నది నువ్వు. తిట్లు తిన్నది నువ్వు, మీ ముఠా. మరి దేవుడు ఏ కట్టె మోసినాడు? మేమే చేసినామని చెప్పుకునేదానికి నీకేంది అడ్డం?”

హాల్లో గుసగుసలు లేచాయి. ఎవరో “ఇప్పుడు మతం ఎందుకమ్మా” అన్నారు. ఆమె నా వైపే చూస్తోంది. మైకులో ఆమె ఊపిరి వినబడింది.

“తెలవదక్కా” అంది చివరికి. “స్తోత్రం చెప్పి కూర్చుంటా ఎప్పుడూ. ఆ పైన ఎవురూ ఏమీ అడగరు. అడిగింది నువ్వే.”

ఆ ‘తెలవదు’కు కూడా చప్పట్లు కొట్టారు. నా ప్రశ్నకు ఎవరూ కొట్టలేదు. ప్రశ్నకు చప్పట్లు కొట్టే అలవాటు ఈ దేశంలో లేదు.

తిరుగు బస్సులో ఆమె వచ్చి నా పక్కన కూర్చుంది. పాటలేమీ లేవు. “అక్కా, అట్ల అడిగేది నాకు నేర్పియ్” అంది.

“ఏం అడిగేది?”

“ఒక మనిషి చెప్పి కూర్చున్నాక లేచి, ‘ఇది ఎందుకు?’ అని అడుగుతావు చూడు. అది. మా సంఘంలో చెప్పేదే గానీ అడిగేది లేదు. పాస్టరయ్యను ఒకటి అడగాలని నాకు శానా దినాల నుంచి ఉంది. లేస్తే మాత్రం నోట్లో పాటే వస్తాది.”

ఏ సంస్కర్త అయినా ఆ మాటకు పొంగిపోతాడు. ఒక మనిషి తనంతట తాను ప్రశ్నించడం నేర్పమని అడుగుతోంది! నేను జీవితమంతా ఎదురుచూసిందే కదా అది. ఎదురుచూసి, అది పక్క సీట్లోకి వచ్చి కూర్చున్నాక, “నేర్పను” అన్నాను.

“ఎందుకంట?”

“నీకు అరగంట ఉంది, హాలుంది, గొంతుంది. నాకున్నది అదొక్కటే. అది గూడా నీకిస్తే నేనేం జేయాల?”

ఆమె బస్సంతా తిరిగి చూసేలా నవ్వింది. “ఓయమ్మో, ఎంత కుళ్ళక్కా నీకు!” అని నా మోకాలి మీద చరిచింది. నేను కాదనలేదు.

తర్వాత కొన్నాళ్ళకు మార్కాపురం బస్టాండులో కనబడింది. ముఠా వాళ్ళను ఆటోలో ఎక్కిస్తూ, ఎవరి సద్దిమూట ఎవరి ఒడిలో పెట్టాలో అరిచి చెప్తోంది. నన్ను చూసి అక్కడినుంచే కేకేసింది. “అక్కా, అడిగేసినా!”

దగ్గరికి పోయాను. “ఎవరిని?”

“మా పాస్టరయ్యను. ఆదివారం, అందరి ముందర.”

“ఏమని అడిగినావు?”

ఆమె డ్రైవరు పక్కన సీటు ఎక్కి కొంగు దోపుకుంది. “అది చెప్పను. నువ్వు నేర్పినావా ఏంది, నీకు చెప్పేదానికి?”

ఆటోలో ఆడవాళ్ళంతా నవ్వారు. వాళ్ళకు ఆ ప్రశ్న ఏమిటో తెలుసు. ఆ ఆదివారం వాళ్ళంతా అక్కడే ఉన్నారు. ఆటో పెద్దారవీడు రోడ్డు ఎక్కింది. నేను మా ఇంటికి నడిచాను. ఊరంతా విన్న ప్రశ్న అది. విననిది నేనొక్కదాన్నే.